మారే చిరునామా, మారని పేరు: ఇంటి నెట్‌వర్కులో కంప్యూటరుకు పేరు పెట్టే విధానం

పాఠ ప్రయోజనం

జోడ్‌భావి పేట్‌లోను, చుట్టుపక్కల పేటలలోను నివసించే తెలుగు కుటుంబాలలో నేడు అనేకుల ఇళ్ళలో, కార్ఖానాలలో, దుకాణాలలో ఒకటికి మించి కంప్యూటర్లు ఉంటున్నాయి. ఒకదానిపై చద్దరు, టవలు డిజైన్లు గీస్తారు. మరొకదానిపై బిల్లులు, జీఎస్టీ లెక్కలు రాస్తారు. రెండింటికీ కలిపి ఒకే ప్రింటరు ఉంటుంది. ఇవన్నీ ఒకే వైఫైపై నడుస్తాయి. కొన్ని దినాలు సజావుగా సాగిన తరువాత ఒక ఉదయం బిల్లుల కంప్యూటరుకు డిజైన్ల కంప్యూటరు కనిపించదు, ప్రింటరు పలకదు. యంత్రాలు చెడిపోలేదు. తీగలు తెగలేదు. వాటి చిరునామాలు మాత్రం రాత్రికి రాత్రి మారిపోయాయి.

ఈ పాఠం ఆ చిక్కును గురించినది. దీనిని చదివిన పిదప పాఠకులు నాలుగు పనులు స్వయంగా చేయగలుగుతారు: కంప్యూటరు చిరునామా ఎందుకు మారుతుందో గ్రహించడం, కంప్యూటరుకు సరైన పేరు పెట్టడం, ఆ పేరుతోనే ఇతర యంత్రాలు దానిని చేరేలా అమర్చడం, అమరిక చెడినప్పుడు దోషం ఎక్కడ ఉన్నదో వెదకడం.

ఒక సూచన. ఈ విభాగం అంతయు తెలుగు లిపిలో ముద్రితమవుతున్నందున ఆదేశాలను, ఫైళ్ళ పేర్లను కూడ ఉచ్చారణను బట్టి తెలుగులోనే ఇచ్చాము. కంప్యూటరుపై టైపు చేసేటప్పుడు వాటిని ఆంగ్లంలో, చిన్న అక్షరాలతో టైపు చేయవలెను.

1. చిరునామా ఎందుకు మారుతుంది?

నెట్‌వర్కులో ప్రతి యంత్రానికి ఒక సంఖ్యారూపమైన చిరునామా ఉంటుంది. దీనిని ఐపీ చిరునామా అంటారు. 192.168.1.14 అనేది అటువంటిది. 192.168తో మొదలయ్యే చిరునామాలు సొంత నెట్‌వర్కుల కోసం ప్రత్యేకించినవి. మీ ఇంటిలోను, పక్క ఇంటిలోను అదే సంఖ్య ఉండవచ్చు. ఒక ఇంటి గోడ దాటితే ఆ సంఖ్యకు అర్థం లేదు.

ఈ సంఖ్యలను ఇంటిలో పంచిపెట్టేది రౌటరు. అది పాటించే పద్ధతికి డీహెచ్‌సీపీ అని పేరు. 1993లో ఈ పద్ధతి ప్రమాణపత్రంగా వెలువడింది. నేడు వాడుకలో ఉన్న రూపం 1997 నాటిది. కంప్యూటరు ఆన్ కాగానే "ఇక్కడ చిరునామాలు ఇచ్చేవారు ఎవరైనా ఉన్నారా?" అని నెట్‌వర్కు అంతటికీ వినబడేలా అడుగుతుంది. రౌటరు ఒక సంఖ్యను చూపుతుంది. కంప్యూటరు దానిని కోరుతుంది. రౌటరు ఖరారు చేస్తుంది. ఈ నాలుగు మాటలు క్షణంలో ముగుస్తాయి.

అయితే రౌటరు ఇచ్చే సంఖ్య సొంత ఇల్లు వంటిది కాదు, అద్దె గది వంటిది. దానికి గడువు ఉంటుంది. గడువు ఇరవై నాలుగు గంటలు అనుకుందాం. సాధారణంగా సగం గడువు గడిచేసరికి, అనగా పన్నెండు గంటలకు, కంప్యూటరు మరల అదే సంఖ్యను కొనసాగించమని రౌటరును కోరుతుంది. నిత్యం నడిచే యంత్రానికి అందువలన ఒకే సంఖ్య చాలా కాలం నిలిచి, అది శాశ్వతమన్న భ్రమ కలుగుతుంది.

సంక్రాంతికి గడ్డా యాత్ర దినాలలో కార్ఖానా మూసి, యంత్రాలు ఆపి ఉంచారనుకోండి. గడువు తీరుతుంది. ఖాళీ అయిన సంఖ్యను రౌటరు కొత్తగా వచ్చిన మరొక యంత్రానికి, బహుశా ఇంటికి వచ్చిన చుట్టాల ఫోనుకు, ఇచ్చివేయవచ్చు. సెలవులు ముగిసి కంప్యూటరు ఆన్ చేస్తే దానికి వేరొక సంఖ్య వస్తుంది. విద్యుత్తు పోయి వచ్చినప్పుడు కొన్ని రౌటర్లు తాము ఎవరికి ఏ సంఖ్య ఇచ్చినదీ మరచిపోతాయి. రౌటరు మార్చినా, ఇంటర్నెట్ కంపెనీని మార్చినా ఇదే జరుగుతుంది.

ఇందులో అసౌకర్యం ఒక్కటే కాదు, ప్రమాదం కూడ ఉన్నది. ఒకే భవనంలోని రెండు మూడు కార్ఖానాలవారు ఖర్చు తగ్గించుకొనేందుకు ఒకే వైఫైని పంచుకొంటున్నారనుకుందాం. మీ ప్రింటరు సంఖ్య 192.168.1.20 అని బిల్లుల కంప్యూటరులో రాసి ఉంచారు. కొన్నాళ్ళకు ఆ సంఖ్య పై అంతస్తువారి ప్రింటరుకు దక్కింది. మీ వ్యాపారి పేరు, ధర, డిజైను సంఖ్య ఉన్న బిల్లు పై అంతస్తులో అచ్చవుతుంది. కంప్యూటరు దృష్టిలో ఏ తప్పూ జరగలేదు; చెప్పిన చిరునామాకే అది పంపింది. ఆ చిరునామాలో ఎవరున్నారో మాత్రం అది చూడలేదు.

కనుక మొదటి సూత్రం: మారే సంఖ్యను నమ్మి ఏ అమరికనూ చేయరాదు. పేరును ఆధారం చేసుకోవలెను.

2. పేరు ఎక్కడెక్కడ నమోదవుతుంది?

కంప్యూటరుకు పెట్టే పేరును హోస్ట్‌నేమ్ అంటారు. పేరు పెట్టగానే అందరికీ తెలిసిపోతుందని చాలామంది అనుకొంటారు. చిక్కులన్నిటికీ మూలం ఈ భావమే. బారసాలలో పేరు పెట్టినంత మాత్రాన ఆ బిడ్డ పేరు జనన నమోదులోనికి, బడి పట్టీలోనికి, రేషను కార్డులోనికి తనంత తాను చేరదు కదా. కంప్యూటరు విషయమూ అంతే. మూడు చోట్లను వేరువేరుగా గుర్తుంచుకోవలెను.

మొదటిది, కంప్యూటరు తనను తాను ఏమని పిలుచుకొంటుంది అనేది. లినక్స్‌లో ఇది 'ఈటీసీ' అనే ఫోల్డరులోని 'హోస్ట్‌నేమ్' ఫైలులో ఉంటుంది. విండోస్‌లో సెట్టింగ్స్ ద్వారా దీనిని మారుస్తాము.

రెండవది, ఆ కంప్యూటరు తనలోనే ఉంచుకొనే చిన్న చిట్టా. దాని పేరు 'హోస్ట్స్' ఫైలు. ఏ పేరుకు ఏ సంఖ్య అనేది అందులో వరుసగా ఉంటుంది. ఈ చిట్టా ఆ ఒక్క యంత్రానికే చెల్లుతుంది.

మూడవది, నెట్‌వర్కులోని ఇతరులు ఆ పేరును విని సంఖ్యను తెలుసుకొనే మార్గం. ఇది రౌటరు కావచ్చు, డీఎన్ఎస్ అనే నామసేవ కావచ్చు, యంత్రాలు పరస్పరం పిలుచుకొనే పద్ధతి కావచ్చు.

ఈ మూడింటి చరిత్ర కొంత తెలిస్తే విషయం సులభమవుతుంది. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో కంప్యూటర్లు కొద్దిపాటిగా ఉన్న కాలంలో అన్ని పేర్లు, సంఖ్యలు ఒకే ఫైలులో ఉండేవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో దానిని నిర్వహించేవారు. ప్రతి కేంద్రమూ ఆ ఫైలు ప్రతిని తెప్పించుకొని తన యంత్రంలో ఉంచుకొనేది. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ చిట్టాను తాజాగా ఉంచడం అసాధ్యమైంది. ఆ ఇబ్బందిని తొలగించేందుకు 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ పద్ధతిని రూపొందించారు. ఎవరి పేర్లను వారే చూసుకొంటూ, అడిగినవారికి చెప్పే ఏర్పాటు అది. నేడు ప్రతి కంప్యూటరులో మిగిలి ఉన్న 'హోస్ట్స్' ఫైలు ఆ పాత ఉమ్మడి చిట్టా వారసత్వమే. చేతితో రాసిన చిట్టా పాతబడుతుందన్న ఆనాటి పాఠం మన ఇంటి నెట్‌వర్కుకూ వర్తిస్తుంది.

3. పూర్తి పేరు రాసే వరుస

తెలుగువారు ఇంటిపేరును ముందు, సొంత పేరును తరువాత రాస్తారు. మహారాష్ట్రలో సొంత పేరు ముందు, తండ్రి పేరు తరువాత, ఇంటిపేరు చివర వస్తుంది. సోలాపూర్‌లోని తెలుగువారు ఈ రెండు వరుసలనూ ఎరుగుదురు: పెండ్లి పత్రికలో ఒక విధంగా, బడి ధ్రువపత్రంలో మరొక విధంగా రాయడం మనకు అలవాటే.

కంప్యూటరు పూర్తి పేరు మరాఠీ వరుసను పోలినది. మొదట యంత్రం సొంత పేరు, తరువాత చుక్క, చివర అది చెందిన ఇంటి పేరు. 'డిజైన్-1.లోకల్' అన్నప్పుడు 'డిజైన్-1' సొంత పేరు. 'లోకల్' ఇంటిపేరు వంటిది. ఒకే ఇంటిపేరు కింద ఒకే సొంత పేరు ఇద్దరికి ఉండరాదు. ఒకే దుకాణంలో కొన్న రెండు కంప్యూటర్లు ఒకే మూలప్రతి నుండి తయారై ఒకే పేరుతో రావచ్చును. రెండింటినీ ఒకే వైఫైకి కలిపితే పిలుపు ఎవరికి చెందుతుందో నిశ్చయం ఉండదు. కొన్ని యంత్రాలు ఈ ఘర్షణను గమనించి, తమ పేరు చివర 2 అనే అంకెను తామే చేర్చుకొంటాయి. మీరు పెట్టని పేరు తెరపై కనిపిస్తే కారణం ఇదే కావచ్చు.

4. పేరు పెట్టడంలో నియమాలు

హోస్ట్‌నేమ్‌లో ఆంగ్ల అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే చెల్లుతాయి. ఖాళీ, చుక్క, కింది గీత వాడరాదు. అడ్డగీత మొదట గాని చివర గాని ఉండరాదు. పెద్ద, చిన్న అక్షరాల భేదం పరిగణించబడదు. పేరు 63 అక్షరాలను మించరాదు. విండోస్ యంత్రాలు కూడ ఉన్న ఇంటిలో 15 అక్షరాల లోపు ఉండడం క్షేమం. పాత విండోస్ పద్ధతి అంతకు మించిన పేరును కత్తిరించి వాడుతుంది.

తెలుగు లిపిలో పేరు పెట్టవచ్చునా అని కొందరు అడుగుతారు. ఇంటర్నెట్ చిరునామాలలో తెలుగు లిపికి చోటు లభించింది. 'భారత్' అనే ముగింపును తెలుగు అక్షరాలలో కూడ వాడవచ్చును. కాని ఇంటిలోని కంప్యూటరుకు అసలు పేరు ఆంగ్ల అక్షరాలలోనే ఉండవలెను. నేటి లినక్స్ పంపిణీలలో అసలు పేరుతో పాటు ఒక అలంకార నామాన్ని కూడ ఉంచుకొనే వీలున్నది. అది తెలుగులో ఉండవచ్చు, ఖాళీలు ఉండవచ్చు. 'పెద్ద కార్ఖానా డిజైన్ల కంప్యూటరు' అని నిండుగా రాసుకొన్నా అభ్యంతరం లేదు. అది మనుషులు చదువుకొనేందుకే. యంత్రాలు దానితో పిలుచుకోవు.

అక్షరక్రమం విషయంలో జాగ్రత్త వహించవలెను. మన నగరం పేరునే తీసుకోండి. బ్రిటిషు కాలపు ఆంగ్ల పత్రాలలో అది 'షోలాపూర్', నేడు 'సోలాపూర్'. చదివే మనిషికి రెండూ ఒకటే. కంప్యూటరుకు అవి రెండు వేరువేరు పేర్లు. కనుక రెండు విధాలుగా రాయదగిన ఊరి పేర్లను, మనుషుల పేర్లను యంత్రానికి పెట్టకుండుట మేలు. పనిని బట్టి పేరు పెట్టండి: డిజైన్-1, బిల్లు-1, ప్రింటర్-1 వంటివి చాలును. మగ్గం ఒక కార్ఖానా నుండి మరొక కార్ఖానాకు మారినా, కంప్యూటరు కొడుకు నుండి కోడలి చేతికి వచ్చినా పేరు పనికివస్తుంది.

మరొక జాగ్రత్త: హోస్ట్‌నేమ్‌ను ఆ నెట్‌వర్కులోని వారందరూ చూడగలరు. మీ పూర్తి పేరు, ఫోను సంఖ్య, కార్ఖానా లైసెన్సు సంఖ్య అందులో పెట్టరాదు.

5. పేరు మార్చే క్రమం

విండోస్‌లో: సెట్టింగ్స్ తెరిచి, 'సిస్టమ్'లో 'అబౌట్' అనే చోటికి వెళ్ళండి. 'రీనేమ్ దిస్ పీసీ' అనే మీటను నొక్కి కొత్త పేరు రాయండి. కంప్యూటరును ఆపి మరల ప్రారంభించిన తరువాతనే కొత్త పేరు అమలులోకి వస్తుంది.

లినక్స్‌లో, ముఖ్యంగా డెబియన్, ఉబుంటు వంటివాటిలో: ముందుగా 'ఈటీసీ' ఫోల్డరులోని 'హోస్ట్స్' ఫైలును తెరిచి కొత్త పేరును చేర్చండి. తరువాత టెర్మినల్‌లో 'సుడో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ సెట్-హోస్ట్‌నేమ్ డిజైన్-1' అని ఇవ్వండి. ఈ వరుసను పాటించడం మంచిది. హోస్ట్‌నేమ్‌ను ముందు మార్చి చిట్టాను మరచినట్లయితే, అధికార ఆదేశం ఇచ్చిన ప్రతిసారీ 'ఈ పేరు గల యంత్రం తెలియదు' అనే అర్థం వచ్చే హెచ్చరిక రావచ్చు. కంప్యూటరు తన పేరును తానే గుర్తించలేని స్థితి అది.

6. 'హోస్ట్స్' ఫైలులో ఏ సంఖ్య రాయవలెను?

ఈ పాఠంలో అందరూ తడబడే చోటు ఇది. డిజైన్-1 అనే పేరుకు ఎదురుగా ఏ సంఖ్య రాయవలెను? నేడు రౌటరు ఇచ్చిన 192.168.1.14 రాస్తే రేపు అది తప్పవుతుంది. రాయకుండా వదిలితే కంప్యూటరు తన పేరును తాను గుర్తించదు.

డెబియన్ సంప్రదాయం దీనికొక ఉపాయం చూపింది. 127తో మొదలయ్యే సంఖ్యలన్నీ 'నేనే' అనే అర్థం గలవి. ఆ సంఖ్యకు పంపినది యంత్రం దాటి బయటికి పోదు. అందులో 127.0.0.1 'లోకల్‌హోస్ట్' అనే పేరుకు కేటాయించబడింది. దానిని కదపక, 127.0.1.1 అనే సంఖ్యను యంత్రం సొంత పేరుకు ఇస్తారు. రౌటరు ఇచ్చిన సంఖ్య ఎన్నిసార్లు మారినా ఈ వరుస మారనక్కరలేదు. ఫైలులో ఆ రెండు వరుసలు ఇలా ఉంటాయి:

127.0.0.1 లోకల్‌హోస్ట్
127.0.1.1 డిజైన్-1

దీని హద్దులు తెలిసి వాడవలెను. ఈ రెండవ వరుస డిజైన్-1 యంత్రంలో మాత్రమే ఉండదగినది. బిల్లు-1 యంత్రంలో కూడ అదే వరుసను నకలు చేస్తే, బిల్లు-1 డిజైన్-1ని వెదకబోయి తనను తానే చూసుకొంటుంది. అద్దంలో చూసి ఎదుటివారని భ్రమపడినట్లవుతుంది.

రెండవ హద్దు: డిజైన్-1పై నడిచే ఏదైనా సేవను ఆ పేరు మీదనే వినమని అమర్చితే, అది 127.0.1.1 వద్దనే వింటూ కూర్చుంటుంది. ఇతర యంత్రాలకు అందుబాటులో ఉండదు. అందరికీ ఉపయోగపడవలసిన సేవను అన్ని చిరునామాలపై వినేటట్లు అమర్చవలెను. ఇక, మారని శాశ్వత చిరునామా ఉన్న యంత్రమైతే 127.0.1.1 బదులు ఆ శాశ్వత సంఖ్యనే రాయవలెను.

7. ఇతరులు ఎలా కనుగొంటారు?

ఇంతవరకు చేసినది కంప్యూటరు తన పేరు తాను తెలుసుకొనేందుకు. ఇక ఇతరులకు తెలియజేయవలెను. ఇంటి నెట్‌వర్కుకు మూడు మార్గాలు ఉన్నాయి.

మొదటి మార్గం పిలుపు. సందులో నిలబడి "డిజైన్-1 ఎవరండీ?" అని కేక వేస్తే, ఆ పేరుగలవారే "నేనే, ఫలానా గదిలో ఉన్నాను" అని బదులిచ్చినట్లుగా ఈ పద్ధతి నడుస్తుంది. నడుమ చిట్టా రాసేవారు ఎవరూ లేరు. యంత్రమే తన ప్రస్తుత చిరునామాను తాను చెబుతుంది గనుక చిరునామా మారినా బదులు సరిగానే వస్తుంది. దీనికి ఎండీఎన్ఎస్ అని పేరు. ఆపిల్ సంస్థలో పనిచేసిన స్టువర్ట్ చెషైర్, మార్క్ క్రోచ్‌మల్ రాసిన ప్రమాణపత్రం 2013లో వెలువడింది. ఈ పద్ధతిలో పేరు చివర 'లోకల్' ఉంటుంది. ఆపిల్ యంత్రాలలో, విండోస్ 10 మొదలుకొని వచ్చిన విండోస్‌లలో ఇది ఇమిడి ఉన్నది. లినక్స్‌లో 'అవాహి' అనే ప్రోగ్రాము ఈ పని చేస్తుంది. నేటి ప్రింటర్లలో అనేకం ఈ పిలుపుకు పలుకుతాయి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లు కొన్ని పలుకకపోవచ్చు. కేక సందు దాటి వినబడదు. అలాగే ఈ పిలుపు రౌటరు దాటి పోదు.

రెండవ మార్గం రౌటరు. కంప్యూటరు చిరునామా అడిగేటప్పుడు తన పేరును కూడ రౌటరుకు చెప్పుకొనే వీలు డీహెచ్‌సీపీలో ఉన్నది. కొన్ని రౌటర్లు ఆ పేరును తమ నామసేవలో చేర్చి, అడిగినవారికి చెబుతాయి. మరికొన్ని పేరును పట్టికలో చూపుతాయే గాని ఎవరికీ చెప్పవు. మీ రౌటరు ఏ కోవకు చెందినదో ప్రయత్నించి తెలుసుకోవలెను.

మూడవ మార్గం కేటాయింపు. ప్రతి నెట్‌వర్కు పరికరానికి తయారీలోనే ఇచ్చిన గుర్తింపు సంఖ్య ఉంటుంది. దానిని మ్యాక్ చిరునామా అంటారు. అంకెలు, అక్షరాలు కలిసి పన్నెండు ఉంటాయి. రౌటరు అమరికలలో 'ఈ మ్యాక్ గల యంత్రానికి ఎల్లప్పుడు ఈ సంఖ్యనే ఇవ్వవలెను' అని రాసి ఉంచవచ్చును. అప్పుడు అద్దె గది ఆ యంత్రానికే నిలిచి ఉంటుంది. ప్రింటరుకు, డిజైన్ల యంత్రానికి ఇది అన్నిటికన్న నమ్మకమైన ఏర్పాటు. వైఫైకి ఒక మ్యాక్, తీగకు మరొక మ్యాక్ ఉంటాయని మరువరాదు. నేటి ఫోన్లు గోప్యత కోసం ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క కల్పిత మ్యాక్‌ను చూపుతాయి. విండోస్‌లో కూడ అటువంటి ఎంపిక ఉన్నది. కేటాయింపు చేయదలచిన యంత్రంలో దానిని ఆ వైఫైకి మాత్రం ఆపి ఉంచవలెను.

ఈ మూడింటిలో ఏది ఎంచుకోవలెను? రెండు మూడు యంత్రాలున్న ఇంటికి మొదటి మార్గం చాలును. ప్రింటరుపై జీవనాధారం ఉన్న దుకాణంవారు, ఉదాహరణకు పౌరుల దరఖాస్తులు నింపి అచ్చువేసి ఇచ్చే సేవాకేంద్రాలవారు, మూడవ మార్గాన్ని కూడ జోడించుట ఉచితం. దరఖాస్తుకు చివరి తేదీన వరుసలో నిలబడిన విద్యార్థికి ప్రింటరు ఎందుకు పలకలేదో వివరించి ప్రయోజనం ఉండదు.

8. నగరం వెలుపలి నుండి చేరదలచినవారికి హెచ్చరిక

కొందరు సిరిసిల్లలోనో, భివండిలోనో ఉన్న బంధువులు సోలాపూర్‌లోని తమ డిజైన్ల కంప్యూటరును ఇంటర్నెట్ ద్వారా తెరిచి చూడవలెనని కోరుకొంటారు. ఇక్కడ మరొక మారే చిరునామా ఎదురవుతుంది: ఇంటర్నెట్ కంపెనీ మీ రౌటరుకు ఇచ్చే బయటి సంఖ్య. దానిని ఎప్పటికప్పుడు ఒక పేరుకు జతపరిచే సేవలను డైనమిక్ డీఎన్ఎస్ అంటారు. అయితే నేడు కొన్ని కంపెనీలు అనేక ఇళ్ళకు కలిపి ఒకే బయటి సంఖ్యను వాడుతున్నాయి. మీ రౌటరు చూపే బయటి సంఖ్య 100.64 నుండి 100.127 వరకు గల శ్రేణిలో ఉంటే అటువంటి ఏర్పాటే అని గ్రహించవలెను. అప్పుడు డైనమిక్ డీఎన్ఎస్ ఒక్కటే ఫలించదు.

ఫలించినా సరే, రౌటరులో ద్వారం తెరిచి కంప్యూటరును నేరుగా ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలపరాదు. తెరిచిన ద్వారాలను వెదకుతూ తిరిగే ప్రోగ్రాములు నిరంతరం పనిచేస్తుంటాయి. లోనికి చొరబడినవారు ఫైళ్ళకు తాళం వేసి సొమ్ము అడుగుతారు. ఏళ్ళ తరబడి గీసిన డిజైన్లు ఒక రాత్రిలో చేజారవచ్చు. వెలుపలి నుండి చేరవలసిన అవసరం నిజంగా ఉంటే వీపీఎన్ అమర్చే నిపుణుని సహాయం తీసుకోండి. డిజైన్ల ప్రతిని వేరొక డిస్కుపై ఉంచి, దానిని కంప్యూటరు నుండి తీసి దాచండి.

9. దోషం వెదకే క్రమం

యంత్రం కనిపించనప్పుడు కింది వరుసలో పరీక్షించవలెను.

మొదట, రెండు యంత్రాలూ ఒకే వైఫైపై ఉన్నవా చూడండి. అతిథుల కోసం ఇచ్చే ప్రత్యేక వైఫైపై ఉన్న యంత్రాన్ని రౌటరు సాధారణంగా మిగిలినవాటి నుండి వేరుచేసి ఉంచుతుంది.

రెండవది, చిరునామా 169.254తో మొదలవుతున్నదా చూడండి. అలా ఉంటే రౌటరు నుండి చిరునామా అందలేదని, యంత్రం తానే ఒక సంఖ్యను కల్పించుకొన్నదని అర్థం. పేరు జోలికి పోకముందే ఆ దోషాన్ని సరిచేయవలెను.

మూడవది, రెండవ కంప్యూటరు నుండి 'పింగ్ డిజైన్-1.లోకల్' అని ఆదేశం ఇవ్వండి. ఆ పేరు గల యంత్రం దొరకలేదని వస్తే దోషం పేరులో ఉన్నది. సంఖ్య కనిపించి, బదులు మాత్రం రాకపోతే పేరు సరిగానే ఉన్నది. దారిలో ఏదో అడ్డుపడుతున్నది. విండోస్‌లో ఆ వైఫైని 'పబ్లిక్' అని గుర్తించి ఉంటే కాపలా ప్రోగ్రాము బదులు ఇవ్వనీయదు. మీ సొంత వైఫై అయినప్పుడు మాత్రమే దానిని 'ప్రైవేట్'గా మార్చండి. పరుల వైఫైపై ఈ మార్పు చేయరాదు. కొన్నిసార్లు 192కు బదులు 'ఎఫ్ఈ80'తో మొదలయ్యే పొడవైన సంఖ్య కనిపిస్తుంది. అది కూడ చెల్లే చిరునామాయే. కంగారు అవసరం లేదు.

నాలుగవది, వెదకుతున్న యంత్రంలోని 'హోస్ట్స్' ఫైలును చూడండి. ఎవరో ఎప్పుడో రాసిన పాత సంఖ్య అందులో మిగిలి ఉండవచ్చు. కంప్యూటరు సాధారణంగా ఇతరులను అడుగక ముందే తన చిట్టాను చూస్తుంది. అందుచేత పాత వరుస ఒకటి ఉన్నా మిగిలిన అమరికలన్నీ వ్యర్థమవుతాయి.

అభ్యాసం

ప్రశ్న 1: 'డిజైన్_1', 'డిజైన్ 1', 'డిజైన్-1', '-డిజైన్1' వీటిలో చెల్లే హోస్ట్‌నేమ్ ఏది?

జవాబు: మూడవది. మొదటిదానిలో కింది గీత, రెండవదానిలో ఖాళీ, నాల్గవదానిలో మొదటనే అడ్డగీత ఉన్నాయి.

ప్రశ్న 2: బిల్లు-1 యంత్రంలోని 'హోస్ట్స్' ఫైలులో 127.0.1.1కు ఎదురుగా డిజైన్-1 అని రాసి ఉన్నది. ఫలితమేమి?

జవాబు: బిల్లు-1 డిజైన్-1ని ఎన్నడూ చేరలేదు, తనను తానే చేరుతుంది. ఆ వరుసను తొలగించి, 127.0.1.1కు ఎదురుగా బిల్లు-1 అని రాయవలెను.

ప్రశ్న 3: ప్రింటరును వైఫై నుండి తీసి తీగతో కలిపారు. రౌటరులో కేటాయింపు ఉన్నప్పటికీ సంఖ్య మారింది. ఎందుకు?

జవాబు: కేటాయింపు వైఫై మ్యాక్‌కు చేయబడింది. తీగకు వేరొక మ్యాక్ ఉన్నది. దానికి కొత్తగా కేటాయించవలెను.

ప్రశ్న 4: పేరుతో పిలిచినప్పుడు సంఖ్య కనిపిస్తున్నది గాని బదులు లేదు. హోస్ట్‌నేమ్ మార్చవలెనా?

జవాబు: అవసరం లేదు. పేరు పనిచేస్తున్నది. కాపలా ప్రోగ్రామును, వైఫై రకాన్ని పరీక్షించవలెను.

చివరి మాట

నేతపనిలో పడుగు బిగువుగా నిలిచి ఉంటేనే పేక అటూ ఇటూ తిరుగగలదు. నెట్‌వర్కులో ఆ పడుగు పేరు, తిరిగేది చిరునామా. తిరిగేదానిని ఆపేందుకు శ్రమపడక, నిలవవలసినదానిని గట్టిగా నిలిపితే పని సాగుతుంది.

అమరిక పూర్తి అయిన పిదప ఒక కాగితంపై ప్రతి యంత్రం పేరు, అది చేసే పని, దాని మ్యాక్ చిరునామా, కేటాయించిన సంఖ్య రాసి కార్ఖానా లెక్కల పుస్తకంలో ఉంచండి. సంకేతపదాలను ఆ కాగితంపై రాయరాదు. రౌటరు మార్చిన దినాన ఆ కాగితం చూసి కేటాయింపులను మరల చేసుకోవచ్చును. ఇంటిలో ఈ పని తెలిసినవారు కనీసం ఇద్దరు ఉండేలా చూడండి. ఒకరు ఊరికి వెళ్ళిన దినాన రెండవవారు కార్ఖానాను ఆగకుండా నడపగలుగుతారు.